పై వాటాలో సముద్రం

పిల్లలింకా దుప్పట్లలోంచి తల బయటపెట్టకముందే లిఫ్టు మెకానిక్ ఆ రోజు పనంతా బుర్రలో గీసేసుకున్నాడు. ఆదివారం. ఊళ్ళో ఎక్కడా లిఫ్టు మొరాయించకపోతే పొద్దంతా తనదే. భార్య నర్సు. ఆవిడ డ్యూటీకి ఆదివారం సోమవారం తేడా తెలియదు. అంటే ఇల్లూ, ఇద్దరు పిల్లలూ, వాళ్ళతో ఆడించాల్సిన నీళ్ళాటా అన్నీ అతని చేతుల మీదే. సంబరం పట్టలేక పళ్ళు తోముకుంటూనే ఈల వేయబోయి, నురగంతా చొక్కా మీద చిలికించుకున్నాడు.

నీళ్ళాట అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. చిన్నవాడికి మూడేళ్ళు. ఇంట్లో వాణ్ణి పిల్లి అంటారు. తల మీద చెంబుడు నీళ్ళు పడితే చాలు, పిల్లిలాగే ఒళ్ళు విదిలించుకుని గోళ్ళు బయటపెట్టి, దొరికినవాళ్ళని దొరికినచోట రక్కేసేవాడు. వాడి స్నానమంటే తల్లి చేతులు పట్టుకోవాలి, తండ్రి కాళ్ళు పట్టుకోవాలి, వీధి చివర కుక్కలు బదులు పలకాలి. పెద్దది ఐదేళ్ళ పిల్ల, ముద్దుపేరు రేడియో. ఎవరూ నొక్కకుండానే మోగుతుంది, ఎంత నొక్కినా ఆగదు. రేడియో వాళ్ళ టీచరమ్మ ఈ స్నానాల సంగతి విని ఒక ఉపాయం చెప్పింది.

"వాణ్ణి నీళ్ళలోకి ఈడ్వకండి. నీళ్ళనే వాడి దగ్గరికి రానివ్వండి. ముట్టుకోనివ్వండి, ఒంపనివ్వండి, పిండనివ్వండి. చల్లగా ఉందో వెచ్చగా ఉందో, జారుతోందో కారుతోందో వాడి చేతుల్నే తెలుసుకోనివ్వండి. భయం దానంతటదే పోతుంది."

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కల్లా కింది వాటాలో ఉంది. అక్కడ ఇంటి ఓనరమ్మ ఉంటుంది. వయసు పైబడినా చెవులు మాత్రం పదునైన మనిషి. పోయిన నెల పై వాటాలో బట్టలుతికే మిషను గొట్టం ఊడి, నీళ్ళు గచ్చులోకి ఇంకి, కింద మంచం మీద మధ్యాహ్నం కునుకు తీస్తున్న ఆవిడ చెవిలో పడ్డాయి. ముక్కు మీదో నుదుటి మీదో పడితే కథ ఎలా ఉండేదో గానీ, గురిచూసి కొట్టినట్టు చెవిలోనే పడ్డాయి. ఆ చెవి మూసుకునే మెట్లెక్కి వచ్చింది.

"ఇంకొక్క చుక్క! ఒక్క చుక్క నా కప్పులోంచి రాలిందంటే ఆ పూటే సామాను సర్దుకోండి. గాలీ వెలుతురూ వచ్చే వాటా మీకిచ్చి కింద నేను ఉడుకుతున్నది చాలక, పైనుంచి నీళ్ళు కూడానా!"

ఆవిడ అన్నంత పనీ చేసే రకం. ఆస్పత్రికీ బడికీ నడిచి వెళ్ళేంత దగ్గరలో, చెప్పులరిగేలా తిరిగితే దొరికిన ఇల్లది. పోతే మళ్ళీ దొరకదు. అందుకే నర్సు గడప దాటుతూ మొగుడి వంక అనుమానంగా చూసింది.

"బాల్చీలో కాసిని నీళ్ళు, రెండు గ్లాసులు, ఒక స్పాంజి. అంతే. మీరు అక్కడితో ఆగండి."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళవోయ్. నేను చేసే పనికి లెక్కుంటుంది."

"ఆ లెక్క చూసే నా భయం. నేనొచ్చేసరికి పిల్లలూ ఉండాలి, ఇల్లూ ఉండాలి."

"ఉంటాయి."

"రెండూ?"

"రెండూ!" అని మెకానిక్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆ చేతికి అప్పటికే గ్రీజు ఉంది. చొక్కాకు నురగతో పాటు అదీ అంటింది.

మెకానిక్‌ది ఒక పద్ధతి. లిఫ్టు బాగుచేశాక అందులో మనుషుల్ని ఎక్కనివ్వడు. ముందు ఇసుక బస్తాలు ఎక్కిస్తాడు. మోయాల్సిన బరువుకన్నా ఎక్కువ ఎక్కించి, పైకీ కిందకీ తిప్పి, అప్పుడు గానీ సరే అనడు. ఇంట్లో కుర్చీ కొన్నా తను ఎక్కి గెంతి చూశాకే పిల్లల్ని కూర్చోనిస్తాడు. అలాంటివాడు బాల్చీతో, స్పాంజితో ఆగుతాడా?

హాలు మధ్యలో లిఫ్టు సామాన్లకు వాడే మందపాటి రబ్బరు పట్టా పరిచాడు. దాని నాలుగు అంచుల కిందా దుప్పట్లు చుట్టలు చుట్టి దూర్చి, పొలానికి గట్టు వేసినట్టు గట్టు లేపాడు. మధ్యలో పెద్ద ప్లాస్టిక్ తొట్టి పెట్టి సగానికి నింపాడు. సగం చూస్తే చిన్నబోయినట్టుంది, ఇంకాస్త పోశాడు. కేకుల్లో కలిపే నీలం రంగు నాలుగు చుక్కలు వేసేసరికి నీళ్ళు మెలికలు మెలికలుగా నీలబడ్డాయి. చెంబు, గరిటెలు, జల్లెడ, గరాటు, ఖాళీ సీసాలు, రేడియో పడవలనుకునే సబ్బు పెట్టెలు అన్నీ అందులో దించాడు.

"నాన్నా, సముద్రం!" అని రేడియో పట్టా మీదకు దూకింది. మోచేతులదాకా ముంచి, జల్లెడ పైకెత్తి, "వానొచ్చింది, వానొచ్చింది, తమ్ముడూ రారా, వాన చూడరా, నా చేతిలోంచే వస్తోంది!" అని ఊపిరాడకుండా ప్రసారం మొదలుపెట్టింది.

పిల్లి మాత్రం సోఫా ఎక్కి, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, సముద్రాన్ని శత్రువును చూసినట్టు చూస్తున్నాడు.

"రారా నాన్నా, ఒక్క వేలు పెట్టు."

"పెట్టను."

"పోనీ గోరు పెట్టు."

"ఏమీ పెట్టను!"

మెకానిక్ తల గోక్కున్నాడు. తొట్టి మరీ ఎక్కువ, వాడి భయానికి అది ఏనుగంత. వాడి దగ్గరికి నీళ్ళు చీమంత కావాలి. ఒక్కో చుక్కే రావాలి. రావాలన్నప్పుడు రావాలి, వద్దన్నప్పుడు ఆగాలి. అలాంటి యంత్రం ఎక్కడుంది? అనుకుంటూ చుట్టూ చూసినవాడి కళ్ళు బీరువా మీది సంచీ దగ్గర ఆగి, దీపాల్లా వెలిగాయి.

ఆ సంచీ నర్సుది. కొత్తగా చేరిన నర్సమ్మాయిలకు పని నేర్పడానికి ఆవిడ పెట్టుకున్న సరంజామా: ఎవరికీ వాడని సెలైన్ సీసాలు, పొడుగాటి గొట్టాలు, అతికించే టేపు. సూదులు ఆస్పత్రిలోనే ఉంటాయి, సంచీలో ఉండవు. గొట్టం మధ్యలో చిన్న చక్రం, వేలితో తిప్పితే చుక్క, వెనక్కి తిప్పితే బందు! మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మనిషి బుర్రకు దణ్ణం పెట్టాడు. ఒక సీసాలో మంచినీళ్ళు పోసి కేకుల ఎర్రరంగు కలిపాడు. ఇంకోదాంట్లో నీలం. రెండూ బట్టల స్టాండుకు తలకిందులుగా వేలాడదీశాడు.

"చెయ్యి చాపు. ఒక్కటే చుక్క. నువ్వు ఆపమంటే ఆపేస్తా."

పిల్లి చెయ్యి చాపలేదు గానీ చిటికెన వేలు చాపాడు. టప్పున ఎర్ర చుక్క దాని కొస మీద పడి, కాసేపు నిలబడి, జారి అరచేతిలోకి పాకింది. పిల్లి దాన్ని చూశాడు. నాన్నను చూశాడు.

"ఇంకోటి."

మెకానిక్కు ఎగిరి గంతేయాలనిపించింది. కాలికింద సముద్రం ఉందని గుర్తొచ్చి ఆగాడు. ఇంకోటి పడింది, ఇంకోటి. వాడు నవ్వాడు! నీళ్ళు పడుతుంటే వాడు నవ్వడం ఆ ఇంట్లో అదే మొదలు. కాసేపటికి వాడే సోఫా మీద వెల్లకిలా పడుకుని, "నాన్నా, కదలకుండా పట్టుకో" అన్నాడు. కదలకుండా పట్టుకోవడానికి టేపు ఉండనే ఉంది. గొట్టాన్ని వాడి ముంజేతికి అతికించి, కొసను అరచేతి మీదకు వంచి, చేతిలో స్పాంజి పెట్టాడు. చుక్కచుక్కకూ స్పాంజి ఎర్రబడుతూ బరువెక్కుతుంటే, పిల్లి కళ్ళు అరమోడ్పులై, నోరు తెరుచుకుని, ఏదో లోకంలోకి వెళ్ళిపోయాడు. రేడియో అమ్మ పాత తెల్లటోపీ పెట్టుకుని పక్కన నిలబడింది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

"ఏమయ్యా! పొద్దెక్కింది, ఇవాళ పిల్లాడి అరుపులు లేవేమిటి? స్నానం మానిపించారా ఏమిటి?"

ఓనరమ్మ! మెకానిక్ గుండెలో లిఫ్టు తాడు తెగినట్టయింది. చేతికందిన ఇస్త్రీ బల్ల పలకను తొట్టి మీద అడ్డంగా వేసి, దాని మీద పూలపూల దుప్పటి కప్పాడు. అది చూడ్డానికి పొట్టి బల్లలా కుదిరింది. జీవితంలో బరువు పరీక్ష చేయకుండా అతను వదిలేసిన వస్తువు అదొక్కటే.

స్టాండు సంగతి చూసేలోగానే తలుపు తెరుచుకుంది. ఓనరమ్మ ఒక అడుగు లోపల పెట్టి, రెండో అడుగు పెట్టలేకపోయింది. సోఫా మీద కళ్ళు తేలేసి పడున్న పిల్లాడు. నెత్తి మీద వేలాడుతున్న ఎర్రసీసా. అందులోంచి చేతికి గొట్టం, చేతిలో ఎర్రగా తడిసిన ముద్ద. పక్కన తెల్లటోపీ పిల్ల నోటి మీద వేలుంచుకుని గుసగుసగా అంటోంది:

"మామ్మా, గట్టిగా మాట్లాడకు. వాడు కదిలాడంటే చుక్కలు పోతాయి."

"ఓరి నాయనో! అందుకేనా ఇవాళ అరుపు లేదు!" అని ఓనరమ్మ గుమ్మం పట్టుకుంది. "రక్తం ఎక్కిస్తున్నారా? ఏమైందయ్యా పసివాడికి?"

మెకానిక్ నోరు తెరిచాడు. 'రక్తం కాదు పిన్నిగారూ, నీళ్ళు' అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. ఆ మాట బయటపడితే సామాను బయటపడుతుంది. 'రక్తమే' అనడానికి అబద్ధానికైనా నోరు రాలేదు. ఆ రెండిటికీ మధ్య, అంతస్తులకు మధ్య ఆగిపోయిన లిఫ్టులా నిలబడ్డాడు.

"ఏం లేదండీ... కొంచెం..."

"సీసాడు ఎక్కిస్తూ కొంచెమంటావేమయ్యా! ఆ నీలం సీసా ఏమిటి?"

"అది సముద్రం, మామ్మా" అంది రేడియో.

"పిచ్చితల్లి! తమ్ముణ్ణి చూసి ఏదేదో మాట్లాడుతోంది" అని ఓనరమ్మ దాన్ని గుండెకు హత్తుకుంది. తర్వాత కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ పూలదుప్పటి బల్ల వైపు నడిచింది.

"అక్కడ కాదు పిన్నిగారూ!" అని మెకానిక్ పెట్టిన కేకకు ఆవిడే కాదు, సోఫా మీద పిల్లి కూడా ఉలిక్కిపడ్డాడు. "అక్కడ... మందులున్నాయి."

"అన్ని మందులా!" అని ఆవిడ ఆ బల్ల పొడవునా వెడల్పునా చూసి, కళ్ళొత్తుకుని, తిన్నగా బాల్కనీలోకి వెళ్ళింది. ఆవిడ గొంతుకు వీధి కొత్త కాదు గానీ, అందులో ఏడుపు వినడం కొత్త. "టైలరూ! ఓ టైలరూ! మిషను ఆపి పైకి రావయ్యా! మెకానిక్ పిల్లాడికి రక్తమే లేదట!"

ఎదురింటి టైలరు మెడలో టేపుతో, చెవి మీద చాక్‌ముక్కతో పరిగెత్తుకొచ్చాడు. వస్తూ వస్తూ కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందర్నీ వెంటపెట్టుకొచ్చాడు. గుమ్మంలోంచే ఎర్రసీసా చూసి, చొక్కా చేతులు మడిచాడు.

"నాది తీసుకో తమ్ముడూ. ఎంత కావాలంటే అంత."

"అయ్యో, వద్దండీ..."

"మొహమాటపడతావేమయ్యా! కుట్టుమిషను ముందు కూర్చుని ఉండే ఒళ్ళు, రక్తం ఏం చేసుకుంటాను? ఏయ్, మీరంతా చేతులు మడవండి!"

మడిచారు. హాల్లో పట్టక మెట్ల మీద నిలబడ్డారు. మెట్ల మీద పట్టక గేటుదాకా వెళ్ళారు. దారినపోయేవాళ్ళు వరస చూసి ఎందుకో తెలియకపోయినా నిలబడి, తెలిశాక వాళ్ళూ చేతులు మడిచారు. ఒకాయన సోఫాకని మెత్తటి దిండు తెచ్చాడు. ఒకావిడ పళ్ళు తెచ్చి పూలదుప్పటి బల్ల మీద పెట్టింది. బల్ల సన్నగా మూలిగింది. ఆ మూలుగు మెకానిక్ ఒక్కడికే వినపడింది.

పోనీ ఇప్పుడు చెప్పేద్దామా అనుకున్నాడు. మొదట్లోనే నీళ్ళని చెప్పుంటే పోయేది ఇల్లొక్కటే. ఇప్పుడు చెబితే ఇల్లుతో పాటు మొహం కూడా పోతుంది. రేపటినుంచి ఈ వీధిలో నడవడానికి ఇంకో మొహం అద్దెకు దొరకదు. ఎవరూ చూడకుండా గొట్టం తీసేద్దామని మెల్లగా పిల్లి దగ్గరికి జరిగి, టేపు మీద చెయ్యేశాడు.

"నా చుక్కలూ!" అని పిల్లి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "నా చుక్కలు తియ్యద్దు! అన్నీ నాకే కావాలి!"

హాల్లో సగంమంది ముక్కులు చీదారు.

"ఎంత తెలివిరా పసివాడికి!" అంది ఓనరమ్మ. "బతకాలని వాడికే తెలుస్తోంది. నువ్వు తప్పుకోవయ్యా, కన్నతండ్రివి, నీవల్ల కాదు." ఆవిడ పిల్లి కాళ్ళ దగ్గర కూలబడి అరికాళ్ళు రాయడం మొదలుపెట్టింది. "రోజూ స్నానానికి ఏడుస్తుంటే వీడి నోట్లో గుడ్డలు కుక్కరేమని తిట్టుకున్నాను. ఒంట్లో శక్తిలేక ఏడ్చాడన్నమాట, నా నాయన! ఒక్క చుక్క నీళ్ళకు మిమ్మల్ని ఎన్ని మాటలన్నానో! టైలరూ, నువ్వే సాక్షి. ఈ పిల్లాడు లేచి గంతులేస్తే చాలు, నా కప్పులోంచి వాన కురిసినా నోరెత్తను."

"విన్నానక్కయ్యా" అన్నాడు టైలరు, మెడలో టేపు కొసతో కళ్ళొత్తుకుంటూ. అప్పటికే అతను ఆస్పత్రికి ఫోను కొట్టేశాడు. ఏమని? 'చిన్నపిల్లాడు, రక్తం లేదు, ఇంట్లోనే ఎక్కిస్తున్నారు, తండ్రి మాట పడిపోయింది' అని. చివరిది మాత్రం అక్షరాలా నిజం.

అంబులెన్సు కూతపెట్టుకుంటూ వచ్చింది. డ్యూటీలో ఉన్న నర్సును వెంట పంపారు. ఆ నర్సు ఎవరో మీరు ఊహించే ఉంటారు. బండి తమ వీధిలోకి తిరిగినప్పుడు ఆవిడ 'పాపం, ఎవరింట్లోనో' అనుకుంది. తమ గేటు ముందు ఆగినప్పుడు ఏమీ అనుకోలేకపోయింది. మెట్ల మీద చేతులు మడిచి నిలబడ్డ జనం "ధైర్యంగా ఉండమ్మా, మేమంతా ఉన్నాం" అని దారి ఇస్తుంటే, కాళ్ళు నేలకు ఆనాయో లేదో తెలియకుండా పైకి చేరింది.

కొడుకు. ఎర్రసీసా. గొట్టం. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. నాడి చూసింది, బాగుంది. నుదురు చూసింది, చల్లగా ఉంది. కళ్ళు చూసింది, అవి "అమ్మా, నేను పది చుక్కలు పట్టుకున్నా" అంటున్నాయి. అప్పుడు గొట్టం వెంట చూపు పోనిచ్చింది. కొస చేతిలోకి కాదు, చేతి మీదకు ఉంది. సీసా చూసింది, తనదే. స్పాంజి చూసింది, అదీ తనదే, గిన్నెలు తోముకునేది. వేలితో అద్ది వాసన చూసింది. అప్పుడు మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఏ గ్రూపండీ?" అంది చాలా నెమ్మదిగా.

"కేకుది" అన్నాడు మెకానిక్, తనకే వినపడనంత సన్నగా.

ఆవిడ ఇంకేమైనా అనేదే. అంబులెన్సు వాళ్ళు అదే అదనుకు స్ట్రెచరు తీసుకుని లోపలికి వచ్చారు. "జరగండి, జరగండి" అన్నారు. అందరూ జరిగారు. జరగడానికి చోటులేని టైలరు వెనక్కి వెనక్కి అడుగులేసి, మోకాళ్ళ వెనక ఏదో తగిలి, అలాగే దాని మీద కూర్చున్నాడు.

పలక ఫెళ్ళుమంది.

టైలరు మడతపడిపోయి నడుందాకా సముద్రంలో దిగాడు. సముద్రం లేచి పైకొచ్చింది. తొట్టి పక్కకు ఒరిగింది, పళ్ళు తేలాయి, సబ్బుపెట్టెల పడవలు హాలు దాటి గుమ్మందాకా ప్రయాణం కట్టాయి. మెకానిక్ కట్టిన గట్టు మాత్రం నిలిచింది! అతని మొహంలో ఒక్క క్షణం గర్వం మెరిసింది కూడా. అంతలో స్ట్రెచరు చక్రం దుప్పటి చుట్టకు తగిలి లాక్కుపోయింది. గట్టు తెగి, మడవ తీసిన కాలవలా నీలం నీళ్ళు గచ్చంతా పరుచుకున్నాయి.

అందరూ బిగుసుకుపోయారు. ఆ నిశ్శబ్దంలో కింది వాటాలోంచి స్పష్టంగా వినిపించింది.

టప్.

కాసేపాగి, టప్. టప్.

ఓనరమ్మ తల ఒక పక్కకు వంచింది. అది సరిగ్గా తన మంచం మీద పడుతున్న చప్పుడని ఆ చెవికి ఒకరు చెప్పక్కర్లేదు. నర్సు కళ్ళు మూసుకుంది. మెకానిక్ మనసులో సామాను సర్దడం మొదలుపెట్టాడు. ముందు మంచాలు, తర్వాత బీరువా.

"సముద్రం వచ్చిందీ!"

పిల్లి! గొట్టం పీకి పారేసి, సోఫా మీంచి దభాలున దూకాడు. పాదాలు నీళ్ళలో పడ్డాయి. ఒకసారి కిందకు చూసుకున్నాడు. మళ్ళీ గెంతాడు. ఎవరూ ఈడ్వలేదు, ఎవరూ పట్టుకోలేదు. తేలుతున్న చెంబు తనే అందుకుని, తొట్టి అడుగున మిగిలిన నీళ్ళు ముంచి, ఎత్తి తన నెత్తిన తనే దిమ్మరించుకున్నాడు. నీళ్ళు కళ్ళలోంచీ ముక్కులోంచీ కారుతుంటే ఊపిరి పీల్చుకుని, "ఇంకోటి!" అన్నాడు.

"లేచాడు!" అంది ఓనరమ్మ రెండు చేతులూ జోడించి. "లేచి గంతులేస్తున్నాడు! రక్తం పట్టింది!"

"రక్తం కాదు మామ్మా" అని రేడియో అందుకుంది. ఇంతసేపూ ఎవరూ అడగలేదన్న ఉక్రోషమంతా ఒక్కసారే వెళ్ళగక్కింది. "నీళ్ళే! ఎర్రవీ నీళ్ళే, నీలంవీ నీళ్ళే. తమ్ముడికి నీళ్ళంటే భయం కదా, అందుకే నాన్న చుక్కలు చేశాడు. నువ్వొస్తే సముద్రం మీద దుప్పటి కప్పాడు. నీకు తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తావుగా, అందుకని నాన్న నోరు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. నేను సముద్రమని చెప్పాను, నువ్వే వినలేదు!"

మెట్ల మీద చాచిన చేతులు ఒక్కొక్కటే కిందకు దిగాయి. ఓనరమ్మ మొహం ఎర్రసీసా రంగుకు తిరిగింది. మెకానిక్ ముందుకొచ్చాడు. చొక్కా మీద నురగ, గ్రీజు, ఇప్పుడు నీలం కూడా.

"నిజమే పిన్నిగారూ. తప్పు నాదే. ఇల్లు పోతుందని భయపడ్డాను. మీరు వాడి కాళ్ళు రాస్తుంటే సిగ్గుతో చచ్చాను."

ఓనరమ్మ మెకానిక్‌ను చూసింది, నర్సును చూసింది. తన పాదాల వైపు చూసుకుంది. పిల్లి ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, బోలెడు శ్రద్ధగా, ఆ పాదాల మీద చెంబుతో కొంచెం కొంచెం పోస్తున్నాడు. "మామ్మా, చల్లగా ఉందా? భయం లేదు. ఆపమంటే ఆపేస్తా" అంటున్నాడు. బాల్కనీలోంచి గాలి విసురుగా వచ్చింది. తడిసిన పాదాలకు ఆ గాలి తగలగానే ఆవిడ కాలివేళ్ళు, ఆవిడను అడక్కుండానే, ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి.

"ఇల్లు ఖాళీ చెయ్యండి" అంది.

"అక్కయ్యా!" అన్నాడు టైలరు తొట్టిలోంచి లేవలేకనే. "వాన కురిసినా నోరెత్తనన్నారు, నన్ను సాక్షి పెట్టారు!"

"నోరెత్తానా? మెల్లగానే చెబుతున్నానుగా! ఖాళీ చేసి కింది వాటాలోకి దిగండి. నేను పైకొస్తాను. కింద మీరు సముద్రమే తెచ్చుకోండి, ఏరే పారించుకోండి, నేల మీద పడుతుంది గానీ నా నెత్తిన పడదు. ఈ గాలి ఇన్నాళ్ళూ మీకు అప్పగించి నేను కింద ఉడికింది చాలు. ఇంతమందిని ఇంత ఏడిపించినందుకు మీకు శిక్ష ఇదే."

నర్సు ముందు నవ్విందో, ముందు ఏడ్చిందో చెప్పడం కష్టం. వీధి జనానికి చొక్కా చేతులు మడిచే పని తప్పింది, అవి అప్పటికే మడిచి ఉన్నాయి. పొద్దువాలేలోగా పై సామాను కిందకీ కింది సామాను పైకీ చేరిపోయింది. బీరువా దించేటప్పుడు మెకానిక్ తాడుకు ఇసుక బస్తా కట్టి చూద్దామంటే, నర్సు చూసిన చూపుకు మానుకున్నాడు. టైలరు తడి లాగుతోనే మంచం మోశాడు. అతని నడుం కింద నీలం రంగు చాన్నాళ్ళు వదల్లేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. పిల్లి ఇప్పుడు స్నానానికి ఎవరూ పిలవకుండానే వెళుతున్నాడు, బయటికి పిలిస్తే రావడం లేదు. నర్సు డ్యూటీకి వెళ్ళింది. ఏ గట్టూ కట్టనక్కర్లేని, ఎవరి చెవికీ భయపడనక్కర్లేని కింది వాటాలో మెకానిక్ హాయిగా మంచం మీద వాలి, కళ్ళు మూసుకున్నాడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పిల్లలెక్కడున్నారబ్బా అని కునుకులోనే అనుకుంటూ ఉండగా, చెవిలో ఏదో చల్లగా పడింది.

వేలితో తుడుచుకుని చూశాడు. నీలంగా ఉంది. పైనుంచి రేడియో ప్రసారమూ, పిల్లి కేకలూ, వాటిని మించి ఓనరమ్మ "ఇంకోటిరా, ఇంకోటి!" అంటూ పడిపడి నవ్వడమూ వినిపించాయి.

మెకానిక్ చెవి మూసుకుని మెట్లదాకా వెళ్ళాడు. 'ఇంకొక్క చుక్క పడిందంటే ఇల్లు ఖాళీ చెయ్యండి' అని అరవడానికి నోరు కూడా తెరిచాడు గానీ, ఇల్లు ఆవిడదే.